పొద్దు గడవని లోకాల గడియారాలు

కూతురు రేవతికి తగిన వరుడెవరో సాక్షాత్తూ బ్రహ్మనే అడిగి తేల్చుకుందామని కకుద్మి మహారాజు పిల్లను వెంటబెట్టుకుని సత్యలోకానికి వెళ్లాడు. వెళ్లేసరికి అక్కడ గంధర్వుల గానం నడుస్తోంది. మధ్యలో కల్పించుకోవడం మర్యాద కాదని ఒక పక్కన నిలబడ్డాడు. పాట అయ్యాక తన మనసులో ఉన్నవాళ్ల పేర్లు ఏకరువు పెట్టాడు. బ్రహ్మ నవ్వాడు. నువ్వు అనుకున్నవాళ్లే కాదు, వాళ్ల మనవళ్లు, మునిమనవళ్ల పేర్లు కూడా ఇప్పుడు భూమ్మీద వినపడవు, ఈలోగా అక్కడ 27 మహాయుగాలు గడిచిపోయాయి అన్నాడు. భాగవతం నవమ స్కంధంలో ఉన్న ఈ కథను రేవతీ బలరాముల పెళ్లి ముచ్చటగానే అందరూ చెప్పుకుంటారు. లెక్కలంటే సరదా ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో రుచి ఉంది.

పురాణాల ప్రకారం బ్రహ్మకు ఒక పగలంటే 1000 మహాయుగాలు, మన 432 కోట్ల ఏళ్లు. రాత్రీ అంతే. మన రోజును 60 గడియలుగా, గడియను 60 విగడియలుగా పంచుకున్నట్టే ఆ రోజునూ పంచితే బ్రహ్మగారి గడియ 14 కోట్ల 40 లక్షల ఏళ్లు, విగడియ 24 లక్షల ఏళ్లు వస్తుంది. 27 మహాయుగాలంటే 11 కోట్ల 66 లక్షల 40 వేల ఏళ్లు. భాగించి చూస్తే కకుద్మి అక్కడ నిలబడింది 48 విగడియల పైచిలుకు, మన గడియారంలో 19 నిమిషాలు దాటి కొద్ది సెకన్లు. రాగం తీసి ఒక కీర్తన తీరుబడిగా పాడితే పట్టేది ఇంచుమించు అంతసేపే. కథ రాసినవాళ్లు కావాలని గుణించి రాశారో లేదో గాని, ఆ లోకంలో పాట పాటంత సేపే సాగింది. అతిథి కాళ్లు నొప్పి పుట్టేంత సేపు నిలబడలేదు. కిందనే కొంప మునిగింది.

మన రోజుకన్నా ఎంతో పెద్ద రోజులున్న లోకాన్ని ఊహించి, దానికి కాలం మాటలు కట్టడం ఈనాటి సైన్స్ ఫిక్షన్ రచయితలు మొదలుపెట్టిన ఆట కాదు. ఆ పని మన జ్యోతిష సిద్ధాంతాల్లో, పురాణాల్లో ఎప్పుడో జరిగింది. వాళ్లు పట్టిన దారి కూడా చాలా పొదుపైనది. రోజుకు, నెలకు, ఏడాదికి కొత్త మాట ఒక్కటీ పుట్టించలేదు. దినం, మాసం, సంవత్సరం అనే పాత మాటలకే ముందొక విశేషణం తగిలించారు. పితృదేవతల రోజు పైత్రం, దేవతల రోజు దివ్యం, బ్రహ్మ రోజు బ్రాహ్మం. పితృదేవతలకు ఒక రోజు మనకు ఒక చాంద్రమాసం. దేవతలకు ఒక రోజు మనకు ఒక ఏడాది. అలాంటి 360 రోజులు ఒక దివ్య సంవత్సరం, 12,000 దివ్య సంవత్సరాలు ఒక మహాయుగం. బ్రహ్మకూ నూరేళ్లే ఆయుష్షు, కాకపోతే ఆయన ఏళ్ల లెక్కలో.

సంకల్పం చెప్పేటప్పుడు పురోహితుడు ఈ మెట్లన్నీ దిగుతాడు. బ్రహ్మ ఆయుర్దాయంలో రెండో సగం, అందులో శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగంలో మొదటి పాదం అంటూ వచ్చి, చివరికి ఇవాళ్టి తిథి, వారం దగ్గర ఆగుతాడు. పోస్టు చిరునామా రాసినట్టే, కాకపోతే పెద్దదాని నుంచి చిన్నదానికి. ఈ చిరునామాను అంకెల్లోకి మారిస్తే బ్రహ్మకు నేటి పగటిలో ఇప్పటికి 197 కోట్ల 29 లక్షల ఏళ్లు గడిచాయి. ఆయనకు ఆరింటికి తెల్లవారిందనుకుంటే ఇప్పుడు టైము పదకొండున్నర కావస్తోంది. ఇంకో చిత్రం. సిద్ధాంతాల్లో విగడియలో ఆరో వంతు ‘ప్రాణం’. ఆరోగ్యవంతుడు ఒకసారి ఊపిరి పీల్చి వదిలే వ్యవధి, మన 4 సెకన్లు. బ్రహ్మకు ఆ ఊపిరి 4 లక్షల ఏళ్లు. కలియుగం మొత్తం 4,32,000 ఏళ్లు. యుగమంతా ఆయనకు ఒక ఊపిరి, దాని మీద రవ్వంత.

ఇదంతా ఊరికే అంకెల గారడీ అని కొట్టిపారేయడానికి వీల్లేకుండా మధ్యలో ఖగోళశాస్త్రం అడ్డం పడుతుంది. సూర్యసిద్ధాంతం దేవతలను మేరువు మీద, అంటే ఉత్తర ధ్రువం దగ్గర పెట్టింది. అక్కడ ఒకసారి పొడిచిన సూర్యుడు ఆరు నెలలు దిగడు. కాబట్టి వాళ్లకు ఏడాది ఒక రోజు. పితృదేవతల కాపురం చంద్రుడి మీద. అక్కడ పగలు ఒక పక్షం, రాత్రి ఒక పక్షం. 1150లో సిద్ధాంతశిరోమణి రాసిన భాస్కరాచార్యుడు ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. పితృదేవతలు ఉండేది చంద్రుడి పైభాగంలో గనక, మనకు అమావాస్య వచ్చినప్పుడు వాళ్లకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, పౌర్ణమి వాళ్లకు అర్ధరాత్రి, బహుళ పక్షం సగంలో పొద్దు పొడుస్తుంది, శుక్ల పక్షం సగంలో కుంకుతుంది అని తేల్చాడు. ‘పైభాగం’ అన్నచోట ‘మనకు కనపడని వైపు’ అని చదువుకుంటే ఈ వాక్యంలో నేటి పాఠ్యపుస్తకం దిద్దాల్సిందేమీ లేదు. అమావాస్యనాడు తర్పణం వదిలే అలవాటును ఈ గడియారంతో చూస్తే, అది పెద్దలకు మధ్యాహ్న భోజనం వేళ. చనిపోయిన మొదటి ఏడాది నెలనెలా పెట్టే మాసికం వాళ్ల లెక్కలో రోజూ ఒక పూట.

ఈ లెక్కలు తెలుగు నేలకు కొత్తవేం కావు. వేంగి ప్రాంతానికి చెందిన మల్లికార్జున సూరి 12వ శతాబ్దంలోనే సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రాశాడు. అయితే పంచాంగకర్తల మాటలు ఒక ఎత్తు, పొలానికి పోయేవాడి మాటలు మరో ఎత్తు.

ఊళ్లో కాలాన్ని చెప్పే మాటలు రెండు రకాలు. ఒక రకం పొద్దుకు కట్టినవి. బారెడు పొద్దెక్కింది, పొద్దు వాటారింది, పొద్దు గూకింది. రెండు చేతులూ చాచినంత కొలత బార. ఆకాశాన్ని ఆ కొలతతో చూసి మాట్లాడుకోవడం అది. రెండో రకం ఒంటికీ నీటికీ కట్టినవి. గడియను కొలిచింది నీళ్ల మీద తేలే రాగి గిన్నె, గడియకుడుక. అడుగున సన్నటి బెజ్జం. నీరెక్కి మునగడానికి 24 నిమిషాలు. రాత్రీ పగలూ కలిపి 60 సార్లు మునగాలి. అది మునగడానికి సూర్యుడితో పని లేదు, మబ్బు పట్టినా మునుగుతుంది. ప్రాణమైతే నేరుగా ముక్కుకే కట్టిన కొలత. ఇక అంబటిపొద్దు అనే మాట ఒకటుంది. పొద్దున పనిలోకి దిగినవాళ్లు అంబలి తాగే వేళ. ఇందులో ఆకలీ సూర్యుడూ ఒకే ముడిలో ఉన్నాయి. భూమ్మీద ఆ ముడి ఎప్పుడూ ఊడలేదు, ఎందుకంటే ఆకలి వేసే వేళకే పొద్దూ అక్కడికి ఎక్కుతుంది.

రోజు పొడుగైన లోకంలో మొదట తెగేది ఈ ముడే. చంద్రుడి మీద చేయి చాచి జానతో కొలిస్తే పొద్దు జానెడు ఎక్కడానికి మన లెక్కలో ఒకటిన్నర రోజు పైనే పడుతుంది. అంబటిపొద్దు అక్కడ ఎన్ని అంబళ్ల పొద్దో చెప్పలేం. కొత్త లోకానికి మాటలు కట్టేవాడు కాలాన్ని సూర్యుడికి కడుతున్నాడా, ఒంటికి కడుతున్నాడా అన్నది ముందు తేల్చుకోవాలి. పురాణం ఈ చిక్కును చాలా తెలివిగా తప్పించుకుంది. రోజుతోపాటు ఒంటినీ సాగదీసింది. బ్రహ్మ రోజు పెద్దది, బ్రహ్మ ఊపిరీ పెద్దదే, కాబట్టి పాత మాటలన్నీ అలాగే నడిచాయి. తర్వాత వచ్చినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

ఎడ్గర్ రైస్ బరోస్ దృష్టిలో అది అసలు సమస్యే కాదు. 1912లో పత్రికలో సీరియల్‌గా మొదలైన అతని అంగారక గ్రహ నవలల్లో ఆ లోకం పేరు బార్సూమ్. 1913 నాటి రెండో నవలలో అక్కడి గడియారం వివరాలు ఇచ్చాడు. రోజుకు 10 జోడ్‌లు, జోడ్‌కు 50 జాట్‌లు, జాట్‌కు 200 టాల్‌లు. అంగారకుడి రోజు మనదానికన్నా 40 నిమిషాల లోపే ఎక్కువ. జోడ్ అంటే దాదాపు రెండున్నర గంటలు, టాల్ మన సెకనుకు కాస్త తక్కువ. మాటలు వినడానికి బాగానే ఉంటాయి. చిక్కేమిటంటే, వాటిని అర్థం చేసుకోవడానికి కథ ఆపి పట్టిక ఇవ్వాల్సి వచ్చింది. పాఠకుడు ప్రతిసారీ గంటల్లోకి మార్చుకోవాల్సిందే. అంతకు 120 ఏళ్ల ముందు ఫ్రెంచి విప్లవకారులు భూమ్మీదే ఈ పని చేసి చూశారు. రోజుకు 10 గంటలు, గంటకు 100 నిమిషాలు అని 1793లో శాసనం చేశారు. 1795 ఏప్రిల్‌లో పక్కన పెట్టేశారు. పదేసి చొప్పున పంచుకోవాలన్న కోరిక బరోస్‌కూ వాళ్లకూ ఒకటే. అతని అంగారకులు నవల్లో ఉన్నారు గనక సణుక్కోలేదు.

ఒంటిని నిజంగా సాగదీయవచ్చా అని పరీక్షించినవాళ్లూ ఉన్నారు. 1938 వేసవిలో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నథానియల్ క్లైట్మన్, అతని విద్యార్థి బ్రూస్ రిచర్డ్‌సన్ కెంటకీలోని మామత్ గుహలోకి దిగి 32 రోజులున్నారు. అక్కడ సూర్యుడు లేడు, చలీ వేడీ మారవు. రోజుకు 28 గంటలు చొప్పున బతకాలని వాళ్ల నియమం. ఈ 28 ఊరికే ఎంచుకున్న అంకె కాదు. అలాంటి ఆరు రోజులు మన వారానికి సరిగ్గా సరిపోతాయి. గుహలో వారానికి ఆరే రోజులు. ఇరవైల్లో ఉన్న రిచర్డ్‌సన్ ఒళ్లు కొద్ది రోజుల్లోనే కొత్త వేళలకు ఒదిగింది. నలభై దాటిన క్లైట్మన్ ఒళ్లు మాత్రం చివరిదాకా 24 గంటల లెక్కే పట్టుకుంది, నిద్రపోవాల్సిన వేళ నిద్ర రాలేదు, మెలకువగా ఉండాల్సిన వేళ కునికిపాట్లు ఆగలేదు. చాలా ఏళ్ల తర్వాత, 1999లో, హార్వర్డ్ పరిశోధకులు మనిషి లోపలి గడియారం సగటున 24 గంటల 11 నిమిషాలని లెక్కగట్టారు. అంగారకుడి రోజు 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. తేడా 28 నిమిషాలేగా అనిపిస్తుంది. కాలిఫోర్నియాలో దాన్ని అనుభవించినవాళ్లను అడగాలి.

1976 జులై 20న వైకింగ్-1 అంగారకుడి మీద దిగినప్పుడే మాటల ఇబ్బంది మొదలైంది. ‘రేపు’ అంటే ఎవరి రేపు? ‘మూడో రోజు’ అంటే ఇక్కడి మూడో రోజా, అక్కడిదా? ఒకే గదిలో, ఒకే వాక్యంలో రెండు రోజులు ఢీకొంటుంటే వైకింగ్ బృందం అంగారకుడి రోజుకు ‘సోల్’ అని పేరు పెట్టుకుంది. లాటిన్‌లో సూర్యుడు. గంట, నిమిషం, సెకను జోలికి వెళ్లలేదు. సోల్‌నూ 24 గంటలుగానే పంచి, ప్రతి సెకనునూ 2.7 శాతం సాగదీశారు. మన పురాణం చేసిన పనే, చిన్న మోతాదులో. ఎన్నాళ్లు పనిచేసిందని లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. వైకింగ్-1 నడిచింది 2,245 సోల్‌లు, మనకు 2,307 రోజులు. రెండు నెలల తేడా.

1997లో పాత్‌ఫైండర్ బృందం ఇంకో అడుగు వేసి, అంగారకుడి పొద్దును బట్టి డ్యూటీకి రావడం మొదలుపెట్టింది. రోవర్ సౌరశక్తితో నడుస్తుంది, రాత్రి నిద్రపోతుంది. అది నిద్రలో ఉన్నప్పుడే మర్నాటి ఆదేశాలు సిద్ధం కావాలి. కాబట్టి మనుషులే దాని వేళలకు జరగాలి. ఇవాళ ఉదయం 8కి వచ్చినవాడు రేపు 8.40కి, ఎల్లుండి 9.20కి. రెండున్నర వారాలకు రాత్రి 8 గంటల డ్యూటీ. 36 రోజులకు చక్రం తిరిగి మొదటికి వస్తుంది. నెలరోజుల్లోనే అందరూ నీరసించిపోయారు.

అయినా 2004 జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ దిగినప్పుడు మళ్లీ అదే పద్ధతి. ఈసారి గోల రెట్టింపైంది. రెండు రోవర్లూ గ్రహానికి దాదాపు అటొకటి ఇటొకటి దిగాయి. ఒకదానికి తెల్లవారేటప్పటికి రెండోదానికి చీకటి పడుతుంది. అంటే ఒకే భవనంలో మూడు కాలాలు: స్పిరిట్‌ది ఒకటి, ఆపర్చునిటీది ఒకటి, బయట రోడ్డు మీద కాలిఫోర్నియాలోని పసాడినాది ఒకటి. ఎండ లోపలికి వచ్చి అయోమయం పెంచకుండా కిటికీలకు నల్లటి తెరలు కట్టారు. ఈ సమయంలోనే దగ్గర్లోని మాంట్రోజ్‌లో గడియారాల దుకాణం ఉన్న గారో అన్సెర్లియన్‌ను ఎవరో అడిగారు, రోజుకు 39 నిమిషాలు వెనకబడే చేతిగడియారం చేయగలవా అని. జీవితమంతా గడియారాలు ఆలస్యం కాకుండా చూడటమే వృత్తిగా బతికినవాడికి వచ్చిన ఆర్డరు అది. లోపలి భాగాలకు చిన్న చిన్న సీసపు బరువులు అమర్చి, నడక మందగించేలా చేసి, మెకానికల్ గడియారాన్నే అంగారక కాలానికి మలిచాడు. చాలామంది బృంద సభ్యులు రెండు గడియారాలు పెట్టుకుని తిరిగారు.

ఆ నెలల్లోనే కొత్త మాటలు స్థిరపడ్డాయి. ఇవాళ అనడానికి ‘టుసోల్’, నిన్న అనడానికి ‘యెస్టర్‌సోల్’. వీటి మీద కమిటీ కూర్చోలేదు, నిఘంటువు వెయ్యలేదు. ఆదేశాల పట్టిక రాసేటప్పుడు పొరపాటు జరిగితే రోవర్ ఏ బండరాయి మీదికో ఎక్కుతుంది గనక, నోటికి వచ్చిన మాటను అందరూ పట్టుకున్నారు. రేపటికి మాత్రం ఒక్క మాట కుదరలేదు. నెక్స్‌టర్‌సోల్, మారోసోల్, సోలారో అని ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. నిన్నా ఇవాళా త్వరగా తేలి రేపు తేలకపోవడం మన ఆఫీసుల్లో ఫైళ్ల విషయంలోనూ ఉన్నదే.

ఇదే గ్రహానికి తీరిగ్గా కూర్చుని కట్టిన కాలమానాలూ ఉన్నాయి. థామస్ గంగేల్ 1985లో తయారుచేసిన డేరియన్ క్యాలెండర్ వాటిలో బాగా పేరున్నది. కొడుకు డేరియస్ పేరే దానికి పెట్టాడు. అంగారకుడి ఏడాది 668 సోల్‌ల పైచిలుకు. దాన్ని 24 నెలలుగా పంచాడు. నెలల పేర్లు తెలుగువాళ్లకు సరదాగా ఉంటాయి: సాజిటేరియస్ తర్వాత ధనుస్, కాప్రికార్నస్ తర్వాత మకర, అక్వేరియస్ తర్వాత కుంభ. పన్నెండు రాశులకూ ముందు లాటిన్ పేరు, వెనక సంస్కృతం పేరు. ఒకే రాశి రెండు నెలలు నడుస్తుందన్నమాట. అధికమాసం వచ్చిన ఏడాది నిజ శ్రావణం, అధిక శ్రావణం అని రెండుసార్లు చెప్పుకునేవాళ్లకు ఇది వింతగా తోచదు. చూడముచ్చటైన నిర్మాణమే. కానీ రోవర్ బృందాలు దాన్ని పట్టించుకోలేదు. వాళ్లకు దిగిన రోజు నుంచి ఎన్నో సోల్ అన్న అంకె చాలు. నెల పేరు కావాల్సింది అద్దె కట్టేవాడికి, పండగ చేసుకునేవాడికి. అక్కడ వాళ్లెవరూ లేరు.

నవలాకారుడు కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 1992 నాటి ‘రెడ్ మార్స్’లో సెకనును సాగదీయలేదు. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే గడియారాలు ఆగిపోతాయి. ముప్పై తొమ్మిదిన్నర నిమిషాల తర్వాత మళ్లీ నడుస్తాయి. ఆ మధ్య కాలం ఏ గంటలోనూ లేదు, ఎవరి లెక్కలోకీ రాదు. ఊరంతా ఆ కాసేపు తనకు తోచినట్టు గడుపుతుంది. కాలానికి మాటలు కట్టే ఆటలో ఇంత హాయైన ఎత్తు మరొకటి లేదు.

అంగారకుడి దాకా ఈ సర్దుబాట్లు చెల్లుతాయి. చంద్రుడి దగ్గరికి వస్తే చెల్లవు. 29 రోజుల 12 గంటల చిల్లర ఉన్న ఒక రోజుకు ఏ మనిషీ డ్యూటీ వెయ్యలేడు. 1970 నవంబరులో దిగిన సోవియట్ రోవర్ లూనోఖోద్-1 యంత్రం గనక ఆ కాలానికి ఒదిగింది. పైమూత లోపలి వైపు సౌర ఫలకాలు. పగలు మూత తెరుచుకుని ఎండ తాగేది, సాయంత్రం మూత వేసుకుని లోపల పొలోనియం కుంపటి వేడిలో రెండు వారాల రాత్రి గడిపేది. అలా 11 చాంద్ర దినాలు తిరిగింది.

చంద్రయాన్-3 ల్యాండర్‌కు అలాంటి కుంపటి లేదు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరి, ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన విక్రమ్‌కు, దాని కడుపులోంచి దిగిన ప్రజ్ఞాన్‌కు ఒకే ఒక్క పగలు ఆయుష్షు అనుకుని తయారుచేశారు. ఆ రోజుల్లో టీవీల్లో, పేపర్లలో పదేపదే వచ్చిన వివరణ: అక్కడ ఒక పగలంటే మనకు 14 రోజులు. పంచాంగం పక్కన పెట్టుకుని చూస్తే ఆ ప్రయాణం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దిగిన రోజు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. భాస్కరుడు చెప్పినది చంద్రుడి అవతలి వైపు గనక మనవైపు తిరగేసుకోవాలి: శుక్ల పక్షం సగంలో ఉదయం, బహుళ పక్షం సగంలో అస్తమయం. విక్రమ్ దిగిన చోటు చంద్రుడి మధ్యరేఖకు కొంత తూర్పున ఉంది కాబట్టి అక్కడ పొద్దు రెండు మూడు తిథుల ముందే పొడుస్తుంది, ముందే కుంకుతుంది. సప్తమినాటికి లేత ఎండ వచ్చి ఉంది. సెప్టెంబరు 4న, బహుళ పంచమినాడు, విక్రమ్‌ను నిద్రపుచ్చారు. మళ్లీ తెల్లవారిందని సెప్టెంబరు 22న పలకరించి చూశారు. అది భాద్రపద శుద్ధ సప్తమి. జవాబు రాలేదు.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ 14 రోజులూ ఇస్రోలో ఎవరూ ‘ఇవాళ చంద్రుడి మీద మధ్యాహ్నం’ అని డ్యూటీ మార్చుకోలేదు. గడియారాలు మన గడియారాలే. అపోలో వ్యోమగాములు కూడా చంద్రుడి మీద హ్యూస్టన్ వేళలకే తిన్నారు, పడుకున్నారు. అక్కడి సూర్యుడు నీడ పొడవు చెప్పడానికి, ఫొటోకు వెలుతురు చూసుకోవడానికి పనికొచ్చాడు, అంతే. అమెరికా ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో చంద్రుడికి ప్రత్యేక ప్రామాణిక కాలం తయారు చెయ్యమని నాసాను ఆదేశించినప్పుడు కూడా చర్చంతా సెకన్ల మీదే. గురుత్వాకర్షణ తక్కువ కావడం వల్ల అక్కడి గడియారం మనదానికన్నా రోజుకు 58.7 మైక్రోసెకన్లు ముందుకు పోతుందట. చాంద్ర దినానికి ‘సోల్’ లాంటి పేరు పెట్టాలన్న ఊసు అందులో లేదు.

బుధుడి సంగతి ఇంకా విడ్డూరం. 1965 దాకా ఆ గ్రహం ఎప్పుడూ ఒకే ముఖం సూర్యుడికి చూపిస్తుందని, ఒక వైపు శాశ్వత పగలు, ఒక వైపు శాశ్వత రాత్రి అని అనుకున్నారు. ఐజాక్ అసిమోవ్ 1956లో రాసిన ‘ద డయింగ్ నైట్’ కథలో నేరం పట్టుబడేది ఈ నమ్మకం మీదే. చీకట్లో దాచిన ఫిల్ము చీకట్లోనే ఉంటుందనుకుని ఒకడు కిటికీ బయట పెడతాడు. భూమ్మీద తెల్లవారుతుందన్న సంగతి మరిచిపోయేది ఎవరు? బుధుడి రాత్రి వైపు ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవాడే. తీరా 1965లో అరెసిబో రాడార్‌తో పెటెన్‌గిల్, డైస్ కొలిచి చూస్తే గ్రహం 59 రోజులకోసారి తన చుట్టూ తిరుగుతోందని తేలింది. అసిమోవ్ తర్వాతి ముద్రణలో ఆ సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తిరుగుడును, సూర్యుడి చుట్టూ 88 రోజుల ప్రయాణాన్ని కలిపితే బుధుడి మీద ఒక పొద్దుపొడుపు నుంచి ఇంకో పొద్దుపొడుపుకు 176 రోజులు. పగలొక ఏడాది, రాత్రొక ఏడాది. సూర్యోదయాన పుట్టిన పిల్లకు సూర్యాస్తమయానికి మొదటి పుట్టినరోజు. ఇక్కడ ఏడాదికన్నా రోజే పెద్దది గనక మన మాటల వరస తలకిందులవుతుంది. రాబిన్సనే 2012 నాటి నవల ‘2312’లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. బుధుడి మీద ఊరినే పట్టాల మీద పెట్టాడు. వెనక నుంచి వచ్చే ఎండకు పట్టాలు వ్యాకోచించి ఊరిని ముందుకు తోస్తూంటాయి, ఊరు ఎప్పుడూ తెల్లవారుజాములోనే ఉంటుంది.

పొద్దుకు కట్టిన మాటలను, ఒంటికి కట్టిన మాటలను ఎదురెదురుగా నిలబెట్టి చూసిన నవల వెర్నర్ వింజ్ 1999లో రాసిన ‘ఎ డీప్‌నెస్ ఇన్ ద స్కై’. అందులోని నక్షత్రం 250 ఏళ్లకోసారి వెలిగి, 35 ఏళ్లు మండి ఆరిపోతుంది. దాని గ్రహం మీద బతికేది సాలీడు రూపంలో ఉన్న జీవులు. నక్షత్రం ఆరితే గాలి కూడా గడ్డకడుతుంది. అందుకని భూమి అడుగున గుంతల్లో చేరి మళ్లీ వెలిగేదాకా నిద్రపోతాయి. పైన కక్ష్యలో పొంచి ఉన్న మానవ వర్తకులకు ఏ సూర్యుడితోనూ సంబంధం లేదు. వాళ్ల కాలమంతా సెకన్లలోనే. కిలోసెకను అంటే పావుగంట పైచిలుకు, మెగాసెకను అంటే పదకొండున్నర రోజులు. ఆ లెక్క మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన క్షణం నుంచి మొదలైందని వాళ్లలో చాలామంది నమ్మకం. నిజానికి అది ఆ తర్వాత కొద్ది నెలలకు, 1970 జనవరి 1 నుంచి మొదలైన కంప్యూటర్ల లెక్క.

కిందున్న జీవుల మాటలు వేరు. వాటికి గంటలూ రోజులూ ఉన్నా, జీవితాన్ని శాసించేది ఆ పెద్ద రోజే. నక్షత్రం మందగించే చివరి ఏళ్లలో పిల్లల్ని కంటే వాళ్లు తల్లిదండ్రులతోపాటు నిద్రకు వెళ్లి, కొత్త పొద్దుకు ఈడేరుతారు. అదే సవ్యమైన వేళ. మధ్యలో ఎప్పుడో పుట్టినవాళ్లకు ‘ఊఫేజ్’ అని పేరు, అది తిట్టు కూడా. ఆషాఢంలో కొత్త దంపతులను విడిగా ఉంచడానికి మన పెద్దలు చెప్పే కారణాల్లో, కాన్పు మండుటెండల్లో పడుతుందన్నది ఒకటి. అక్కడ ఆ ఆంక్ష ఒక నెలకు కాదు, దశాబ్దాలకు. నవల్లో షెర్కనర్ అనే పరిశోధకుడు కావాలనే వేళ కాని వేళ పిల్లల్ని కని, వాళ్ల చేత రేడియోలో పిల్లల సైన్స్ కార్యక్రమం చేయిస్తాడు. గొంతు విన్నవాళ్లకు ఎవరు ఏ వేళ పుట్టారో తెలియదు.